ద్వారకానగర్‌లో ‘పాలిష్ ముట్టని’ వాచీ

విశాఖలో పాత స్విస్ వాచీ కొనడానికి బయల్దేరేవాళ్లు ముందుగా అడ్వాన్సు పంపకండి. డబ్బు అటు వెళ్లాక బేరమాడే నోరు మనకుండదు.

నేను చూడబోయింది ట్యూడర్ బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్. 2018లో వచ్చిన మోడల్. 39 మిల్లీమీటర్ల స్టీలు కేసు, 200 మీటర్ల వరకు నీటిని తట్టుకుంటుంది, పూర్తిగా కీ ఇస్తే 70 గంటలు నడుస్తుంది. సన్నటి మణికట్టున్న నాలాంటివాళ్లకు కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. ద్వారకానగర్ డీలరు ఒకాయన రూ. 2,45,000 చెప్పాడు. ‘పాలిష్ ముట్టని పీసు సార్’ అని, అంటే గీతలు పోగొట్టడానికి కేసును ఎప్పుడూ అరగదీయలేదని, ఫోనులో ఒట్టు పెట్టినంత పని చేసి, ఇంకెవరికీ చూపించనంటూ రూ. 5,000 వేయించుకున్నాడు.

రాజమండ్రి నుంచి రైలు ప్రయాణం హాయిగా గడిచింది. సిరిపురంలో గది రూ. 2,600. శుభ్రంగా ఉంది, టిఫిను మాత్రం బయట తినడం మేలు. తోడు వచ్చిన మా బావది హెచ్‌ఎంటీ తరం. ‘ఉక్కు ముక్కకు బంగారం ధరేమిటిరా?’ అని తుని దాటేదాకా వదల్లేదు. ఈ గోలంతా 1972లో ఓడెమార్స్ పిగే కంపెనీ రాయల్ ఓక్‌తో మొదలైందని చెప్పాను. జెరాల్డ్ జెంటా గీసిన ఎనిమిది పలకల వాచీ, పైకి కనిపించే ఎనిమిది స్క్రూలు, స్టీలుదే అయినా ధర 3,300 స్విస్ ఫ్రాంకులు. నాలుగేళ్లకు పటెక్ ఫిలిప్ కంపెనీ వాచీ నాటిలస్‌కూ ఆయనే రూపమిచ్చాడు. బావ అంతా విని, ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్నాం. ఈ స్విట్జర్లాండ్ ఉక్కు ఎవరి హక్కు?’ అన్నాడు.

డీలరు పదకొండుకు రమ్మని ఒంటిగంట దాటాక వచ్చాడు. రెండుసార్లు టీ వచ్చింది గానీ ‘ఆలస్యమైంది, ఏమనుకోకండి’ అన్న మాట రాలేదు. పెట్టె ఉంది, కార్డు ఉంది, కీ మీద ట్యూడర్ గులాబీ గుర్తు స్పష్టంగానే ఉంది. భూతద్దం తీసి బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర పెట్టాను. ఈ మోడల్‌లో కొమ్ము పైభాగం సన్నటి గీతలతో మసకగా ఉంటుంది. దాని అంచు వెంట అద్దంలా మెరిసే ఏటవాలు పట్టీ ఒకటి సాగుతుంది. రెండింటి మధ్య గీత కత్తితో కోసినట్టు ఉండాలి. ఇక్కడ ఎడమవైపు పట్టీ కొనకు వెళ్లేసరికి కరిగిపోయింది. కుడివైపు ఒక కొమ్ము రెండోదానికన్నా కంటికి తెలిసేంత సన్నబడింది. అరగదీసిన స్టీలు తిరిగి రాదు.

అడిగితే ఏమన్నాడో వినండి. ‘కొంచెం బఫ్ కొట్టించాం సార్, అది పాలిష్ కాదు.’ బఫ్ కొట్టడమన్నా పాలిష్ చేయడమే.

పాలిష్ చేసిన వాచీ కొనకూడదని నేననను. చేశామని చెప్పి, ధర తగ్గించి అమ్మితే గొడవే లేదు. ఇతగాడు ఏడు వేలు తగ్గించినట్టే తగ్గించి, గ్యారంటీ నా పేరుకు మార్చడానికి రూ. 12,000 అదనంగా అడిగాడు. ట్యూడర్ ఇచ్చే ఐదేళ్ల గ్యారంటీ వాచీతో పాటే చేతులు మారుతుంది, రిజిస్ట్రేషన్ అవసరమే లేదు. ఆ మాట అనగానే ఆయన ఫోను మోగింది. అప్పటిదాకా కునుకు తీస్తున్న బావ లేచి, ‘పద, ఆకలేస్తోంది’ అన్నాడు. ఆయన అన్న మాటల్లో నాకు అంతగా నచ్చింది ఇంకొకటి లేదు.

భీమిలి రోడ్డులో వంజరం వేపుడు రూ. 280, భోజనం రూ. 180. ముక్క మందంగా, లోపల రసం ఆరకుండా, పైన కారం మాడకుండా ఉంది. బావ ముఖం అక్కడే విప్పారింది. సాయంత్రం బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూశాం. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది. ఇరుకు గదుల్లో వంగి నడుస్తూ, ‘నీ వాచీ దిగేది 200 మీటర్లు, నువ్వు దిగేది మోకాలి లోతు’ అని బావ నన్ను ఆటపట్టించాడు.

పూర్ణా మార్కెట్ దగ్గర చిన్న వాచీ దుకాణంలో మాత్రం మనసు కుదుటపడింది. నా చేతికున్న పాత సీకో డైవర్‌లో కీ బిగుసుకుపోతోంది. దుకాణదారు విప్పి, పేరుకున్న ఉప్పు, మురికి నాకే చూపించి శుభ్రం చేసి, రబ్బరు వలయం మార్చి రూ. 450 తీసుకున్నాడు. ‘నీటి ఒత్తిడి పరీక్షించే యంత్రం నా దగ్గర లేదండీ, ఆ పరీక్ష అయ్యేదాకా దీంతో సముద్రంలో దిగకండి’ అని అడక్కుండానే చెప్పాడు. విశాఖలో స్టీలు వాచీ పెట్టుకు తిరిగేవాళ్లు బీచ్ నుంచి రాగానే కీ బిగించి ఉందో లేదో చూసుకుని మంచినీళ్లతో కడగండి.

అడ్వాన్సు సంగతి: నాలుగు ఫోన్ల తర్వాత రూ. 3,500 వెనక్కి వచ్చింది. మిగతా రూ. 1,500 ‘చూపించిన ఖర్చు’ అట. రసీదు పంపమన్నాను. ఇంకా పంపలేదు.