బ్రామ్లీయా, గ్రానీ స్మితా? వంటకి ఏ పుల్ల ఆపిల్ మేలు?

ఇంగ్లండ్ కొట్లలో ‘కుకింగ్ ఆపిల్’ పేరుతో అమ్మే పెద్ద ఆకుపచ్చ కాయ బ్రామ్లీ. తెలియక కొన్నవాళ్లు ఒక్కసారి కొరికి, పళ్లు పులిసిపోయి, మళ్లీ దాని జోలికి పోరు. పక్కనే నిగనిగలాడుతూ గ్రానీ స్మిత్ ఉంటుంది. అదీ పుల్లనే కానీ, పచ్చిగా తినగలిగే పులుపు.

బ్రామ్లీ పుట్టిల్లు నాటింగ్‌హామ్‌షైర్‌లోని సౌత్‌వెల్. 1809లో మేరీ ఆన్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే అమ్మాయి తన ఇంటి తోటలో వేసిన గింజ మొలిచి చెట్టయింది. తర్వాత ఆ ఇల్లు మాథ్యూ బ్రామ్లీ అనే మాంసం వ్యాపారి చేతికొచ్చింది. 1856లో హెన్రీ మెర్రీవెదర్ అనే నర్సరీవాళ్ల అబ్బాయి అంటు కొమ్మలు అడిగితే, కాయకి తన పేరు పెడితేనే ఇస్తానన్నాడాయన. నాటిందొకరు, పేరొకరిది! గ్రానీ స్మిత్‌కి ఆ అన్యాయం జరగలేదు. సిడ్నీ దగ్గర 1868 ప్రాంతంలో దాన్ని పెంచిన మరియా ఆన్ స్మిత్ మామ్మ పేరే దానికి నిలిచింది.

పొయ్యి మీద పెడితే తేడా తెలుస్తుంది. బ్రామ్లీ ముక్కలు కాసేపటికే కరిగి గుజ్జయిపోతాయి. పంది మాంసంతో తినే ఆపిల్ సాస్‌కి, పళ్ల ముక్కల మీద వెన్న కలిపిన పిండి పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే క్రంబుల్‌కి నా ఓటు దానికే. గింజల భాగం తొలిచేసి, ఎండుద్రాక్ష, బ్రౌన్ షుగర్ కూరి ఓవెన్‌లో పెడితే లోపలంతా నురగలా పొంగుతుంది. నడుము చుట్టూ తొక్క మీద కత్తితో ఒక గీత పెట్టండి, లేదంటే కాయ పగిలిపోతుంది. పంచదార దగ్గర మాత్రం చేతికి ఎముక ఉండకూడదు. అదే ముక్కలు విడివిడిగా కనబడాల్సిన ఫ్రెంచివాళ్ల టార్ట్ టాటాన్‌కి (తిరగేసి వడ్డించే ఆపిల్ టార్ట్) బ్రామ్లీ వాడితే జామ్ తయారవుతుంది. అక్కడ గ్రానీ స్మితే. ఆపిల్ పై (పిండి పొరలో పళ్ల ముక్కలు పెట్టి కాల్చేది) చేసేటప్పుడు కొందరు రెండూ కలుపుతారు, అదీ బాగుంటుంది.

మామిడికాయ దొరకని రోజుల్లో మన వంటలకి? పప్పుకి బ్రామ్లీ పులుపే దగ్గర. కందిపప్పు ఉడికాక, దించే ముందు ముక్కలు వేయాలి. కుక్కర్‌లో పప్పుతో పాటు వేస్తే ముక్క జాడే ఉండదు. పులిహోరకి నేను గ్రానీ స్మిత్ తురుముతాను. మామిడి కోరులాగే అన్నంలో విడివిడిగా ఉంటుంది, పులుపు చాలకపోతే నిమ్మకాయ పిండుకోవచ్చు. బ్రామ్లీ తురుము వేడి పోపులో పడగానే కరిగి అన్నం ముద్దవుతుంది. చింతపండు గుజ్జు పట్టించిన పులిహోర ఇష్టపడేవాళ్లకి అదీ నచ్చుతుందేమో.

ఆవకాయకి మాత్రం రెండూ దండగే. టెంక లేదు, నీరెక్కువ. పౌరుషం కొద్దీ బ్రామ్లీతో ఒక సీసా పెట్టాను. రెండో వారానికి ముక్క నలిగిపోయి, ఆవపిండి నీళ్లలో ఈదుతోంది.