వీకెండ్ కర్ఫ్యూనా, పొద్దున నాలుగు గంటలా?

కరోనా రోజుల్లో బెంగళూరులో కేసులు పెరిగాయనగానే మారతహళ్లి పీజీ హాస్టళ్లలో ఉండే మన తెలుగువాళ్లకు ఒకటే టెన్షన్: ఈసారి ఏం మూస్తారో! 2021 ఏప్రిల్ 27 నుంచి సరుకులకు ఉదయం 6 నుంచి 10 దాకానే టైమిచ్చారు. తొమ్మిదిన్నరకు కిరాణా కొట్టు ముందు చూడాలి, మాస్కు గడ్డం మీద, చేతిలో సంచి, ఒకటే తోపులాట. 2022 జనవరిలో ఒమిక్రాన్ అనే కరోనా రకానికి పెట్టిన వీకెండ్ కర్ఫ్యూ శుక్రవారం రాత్రి 10 నుంచి సోమవారం ఉదయం 5 దాకా. సరుకులు దొరికేవి, హోటళ్లలో పార్సిలే. వైరస్‌కు శని, ఆదివారాలే డ్యూటీయా అని నవ్వుకున్నా, నా ఓటు వీకెండ్ కర్ఫ్యూకే. జనాన్నంతా నాలుగు గంటల్లో కుక్కితే గుంపు పెరగదూ? ఈ వీకెండ్ కర్ఫ్యూను జనవరి 21న ఎత్తేశారు, అప్పటికి కేసులు తగ్గలేదు. ఆసుపత్రుల్లో చేరేవాళ్లు తక్కువని చూసి ఎత్తేశారు.