ఆల్టో సైలెన్సర్ ఇంటి దగ్గరే విప్పి బిగించా: ఆరేళ్ల తర్వాత నా మాట

మాది 2013 ఆల్టో 800. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాం, సముద్రం నడిచి వెళ్లేంత దూరం. ఈ గాలికి కారులో అన్నిటికంటే ముందు తుప్పు పట్టేది సైలెన్సరే. 2019లో ఒకరోజు పొద్దున్నే బండి స్టార్ట్ చేస్తే కింది వాటా మామ్మగారు బయటికొచ్చి, "ఏం బాబూ, ట్రాక్టర్ కొన్నావా?" అన్నారు. కిందికి దూరి చూస్తే డబ్బా అతుకు దగ్గర రూపాయి బిళ్లంత కన్నం.

అప్పుడొకసారి, 2022లో ఇంకోసారి మొత్తం నేనే విప్పి బిగించాను. మొదటిసారి ఆదివారమంతా పట్టింది. రెండోసారి పైపు కిందికి దించడానికి నలభై నిమిషాలు చాలింది. నాలో పనితనం ఏమీ పెరగలేదు. మూడు రోజుల ముందు నుంచీ రోజూ సాయంత్రం ఆ బోల్టుల మీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను, అంతే తేడా. మొదటిసారి ఆ ఓపిక లేక 14 నంబరు పానా పెట్టి బలంగా లాగాను. ఒకటి వదిలింది, రెండోది 'టప్'మని మెడ దగ్గర విరిగింది. మిగిలిన ముక్కను హ్యాక్సా బ్లేడుతో కోసేసరికి మధ్యాహ్నం భోజనం వేళ దాటిపోయింది. పైగా తుప్పు రేణువు కంట్లో పడి సాయంత్రం కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాల్సొచ్చింది. కళ్లద్దాలు లేకుండా కారు కిందికి దూరకండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కూడా దూరొద్దు. రెండు స్టాండ్లు పెట్టి, కారును పక్క నుంచి గట్టిగా ఊపి చూశాకే నేను పడుకున్నా. ఎదురింటాయన ఇటుకలు తెచ్చిస్తానన్నారు. బరువుకి ఇటుక ఎప్పుడు పగులుతుందో తెలీదు, వద్దన్నా.

ఇంజనుకి అంటుకుని, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ జోలికి రెండుసార్లూ పోలేదు. దాని లోపల తేనెపట్టులాంటి పింగాణీ ఉంటుంది, సుత్తి దెబ్బకి ముక్కలవుతుంది.

రబ్బర్ల సంగతి చెప్పాలి. పైపంతా వేలాడేది వాటి మీదే. కొత్తవి ఎంత బిరుసంటే, హుక్కుకి ఎక్కించబోతే బొటనవేళ్లు వాచాయి. ఐదు నిమిషాలు వేడినీళ్లలో వేసి, సబ్బునీళ్లు రాస్తే సర్రున జారాయి. నూనె, గ్రీజు రాయొద్దు, రబ్బరు పాడవుతుంది.

బిగించడంలో రెండు తప్పులు చేశాను. ముందు జాయింట్‌లో ఉండే రింగు ప్యాకింగ్ చూడ్డానికి బాగానే ఉందని పాతదే పెట్టేశా. వారం తిరక్కుండానే చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే 'టిక్ టిక్'మని శబ్దం, వేడెక్కాక మాయం. మా అబ్బాయిని వెనక పైపు మూతికి మందపాటి తడిగుడ్డ అడ్డం పెట్టమని, ముందు జాయింట్ దగ్గర చెయ్యి కాస్త దూరంగా పెడితే గాలి తన్నింది. మళ్లీ విప్పుడు. ఈ పరీక్ష చేసేటప్పుడు కారును సెల్లార్‌లోంచి బయటికి తోసుకోండి. పొగలో ఉండే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగుండదు, వాసనుండదు.

రెండో తప్పు, ముందు భాగం బోల్టులు పూర్తిగా బిగించేసి తర్వాత వెనక భాగం తగిలించడం. పైపు ఒక పక్కకి వాలి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా 'టక టక'. ఇప్పుడైతే అన్నీ వదులుగా తగిలించి, పైపును ఊపి, చుట్టూ వేలు దూరేంత సందు ఉందో లేదో చూసుకుని, ముందు నుంచి వెనక్కి బిగిస్తున్నా. స్ప్రింగులున్న బోల్టుల్ని మాత్రం స్ప్రింగు పూర్తిగా నలిగేదాకా తిప్పకూడదు. ఇంజను ఊగినప్పుడు జాయింట్ కాస్త కదలడానికే ఆ స్ప్రింగులు.

ఇక వాడకంలో తేలింది. 2019లో కొన్నది చవకరకం. "304 స్టీలండీ, ఇరవై ఏళ్లు చూడక్కర్లేదు" అన్నాడు కొట్టు ఆయన. ఇంటికొచ్చి అయస్కాంతం పెడితే టపీమని అంటుకుంది. అంటుకున్నంత మాత్రాన మామూలు ఇనుమని కాదు, సైలెన్సర్లకి వాడే 409 రకం స్టెయిన్‌లెస్ కూడా అంటుకుంటుంది. కానీ 304 అయితే అలా పట్టేయదు. అడగడానికి వెళితే "అన్నీ అంతేనండీ" అన్నాడు. అరవై స్పీడులో చెవుల్లో 'ఊఁ'మని హోరు. రెండున్నరేళ్లకే లోపల్నుంచి తినేసింది.

తప్పంతా దానిదే అనను. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరై బయటికి రావాలి. మా కారు రోజూ తిరిగేది స్కూలుకి మూడు కిలోమీటర్లు. డబ్బా వేడెక్కేలోపే ఆపేస్తాం, నీళ్లు లోపలే ఉండిపోతాయి. 2022లో రెండున్నర రెట్లు పెట్టి కంపెనీదే వేశాక, డబ్బా బాగా వేడెక్కేలా ఆదివారాలు భీమిలి దాకా వెళ్లొస్తున్నాం. వచ్చాక అడుగున మంచినీళ్లు కొడతా. ఇప్పటికీ కన్నం లేదు, వెల్డింగ్ అంచుల్లో మాత్రం ఎర్రటి పొర. వేడిని తట్టుకుంటుందని కొట్టిన వెండిరంగు ముందు భాగంలో రెండు నెలల్లో రాలిపోయింది, వెనక నిలిచింది. మైలేజీలో తేడా నాకేమీ కనిపించలేదు.

పోయిన నెల మళ్లీ గలగల మొదలైంది. సైలెన్సరే అనుకుని టెన్షన్ పడ్డా. తీరా చూస్తే వేడి తగలకుండా పైపు మీద ఉండే రేకు వదులైంది. స్టీలు క్లిప్పు ఒకటి చుట్టి బిగించా, అప్పటి నుంచి చప్పుడు లేదు.