ఓర్బిస్ లాటినుస్: ఏళ్ల తరబడి వాడిన లాటిన్ స్థలనామ నిఘంటువు

యూరపులో పదహారు నుంచి పద్దెనిమిదో శతాబ్దం దాకా అచ్చయిన లాటిన్ గ్రంథాలకు కేటలాగు రాసేవారికి ముఖపత్రం అడుగున ఉండే ఊరి పేరే తొలి చిక్కు. ఆ చిక్కు విప్పడానికి నేను ఏళ్ల తరబడి ముందుగా తెరుస్తున్నది గ్రేసె కూర్చిన ‘ఓర్బిస్ లాటినుస్’. తొలి ముద్రణ 1861లో డ్రెస్డెన్‌లో వచ్చింది. నేను నిత్యం వాడేది ఫ్రీడ్రిష్ బెనెడిక్ట్ సవరించిన 1909 నాటి రెండో ముద్రణ.

ఒకే పేరు గల ఊళ్లను వేరుచేసి చూపడం దీని అసలైన బలం. లుగ్దూనుమ్ అంటే ఫ్రాన్సులోని లియోన్, అదే పేరుకు బతావోరుమ్ చేరితే హాలండులోని లైడెన్. అర్గెంతీనా కనబడితే దక్షిణ అమెరికా వైపు చూడనక్కరలేదు, అది స్ట్రాస్‌బూర్. మన భాషలకు దగ్గరి ఉదాహరణ హాలా. జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ తమిళ వ్యాకరణం 1716లో వెలువడినప్పుడు ముఖపత్రం మీద ‘హాలే సాక్సోనుమ్’ అని వేశారు. సాక్సోనుమ్ అన్న ఆ ఒక్క విశేషణమే దాన్ని స్వాబియాలోని హాల్ పట్టణం నుంచి వేరుచేసి, జర్మనీలో సాలె నది ఒడ్డున ఉన్న హాలె నగరమని తేలుస్తుంది. మరో జర్మన్ మిషనరీ బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు 1746, 1747 ప్రాంతంలో అచ్చయింది కూడా ఆ నగరంలోనే కాబట్టి, తెలుగు ముద్రణ చరిత్ర చదివేవారికి ఈ తేడా తెలియడం ఎంతో అవసరం.

అయితే నిఘంటువు పేర్లను ప్రథమా విభక్తిలోనే ఇస్తుంది, ముఖపత్రాలు మాత్రం ‘ఫలానా ఊరిలో’ అనే రూపాన్ని అచ్చువేస్తాయి. హాఫ్నియే అని ఉంటే హాఫ్నియా (కోపెన్‌హాగన్) అని, పరీసియీస్ అని ఉంటే పరీసియీ అని వెతకాలి. కాస్త లాటిన్ వ్యాకరణం రానివారు ఇక్కడే ఆగిపోతారు.

నన్ను ఎక్కువగా శ్రమపెట్టింది మరొకటి. 1909 ముద్రణలోని ఆధునిక నామాలు ఆనాటి జర్మన్ నామాలు. గెదానుమ్‌కు డాన్‌జిగ్ అని, వ్రాతిస్లావియాకు బ్రెస్లౌ అని, రెగియోమోన్తుమ్‌కు క్యోనిగ్స్‌బెర్గ్ అని ఉంటుంది. అవి నేడు పోలండులోని గ్దాన్‌స్క్, వ్రోత్స్వాఫ్, రష్యాలోని కలీనిన్‌గ్రాద్. ప్రతిసారీ మరో మెట్టు ఎక్కవలసిందే. 1972లో ప్లెష్ల్ సంపాదకత్వంలో వచ్చిన మూడు సంపుటాల ముద్రణ చాలా విస్తృతమైనది, గ్రంథాలయాలు కొనదగినది. సొంతంగా చదువుకునేవారికి మాత్రం అంతర్జాలంలో ఉచితంగా దొరికే 1909 ముద్రణే చాలు.

ఏ స్థలనామ నిఘంటువూ తీర్చలేని సందేహం ఒకటుంది. తత్వవేత్త స్పినోజా గ్రంథం ‘త్రాక్తాతుస్ థియోలాగికో-పొలిటికుస్’ 1670లో ‘హాంబుర్గీ’ (హాంబుర్గ్‌లో) అన్న ముద్రతో వచ్చింది, నిజానికి అచ్చయింది ఆమ్‌స్టర్‌డామ్‌లో. ఇలాంటి మారుపేరు చిరునామాల కోసం ముద్రాపకుల పేర్లను, ఊళ్లను కలిపి చూపే సి.ఇ.ఆర్.ఎల్. (యూరపు పరిశోధన గ్రంథాలయాల కూటమి) వారి థెసారస్‌ను నేను దీని పక్కనే తెరిచి ఉంచుతాను.