హోయ్‌లేక్ గట్టు మీద, గొడుగు కింద

మా బాబాయి విశాఖపట్నంలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆదివారం ఉదయం ఇంట్లో ఉన్నది లేదు. ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ కోర్సులో ఉండేవారు. పిన్ని ఆ ఆటను 'సవతి' అనేది. 2023 జులైలో ఆయన మాంచెస్టర్‌లో ఉన్న నా దగ్గరికి వచ్చారు. పేరుకు అన్న కూతురిని చూడటానికి. అసలు కారణం ఆ నెల మూడో వారంలో హోయ్‌లేక్‌లో జరిగే 151వ ఓపెన్ చాంపియన్‌షిప్ అనే పెద్ద గోల్ఫ్ పోటీ అని విమానాశ్రయంలో దిగిన పావుగంటకే చెప్పేశారు.

గోల్ఫ్ గురించి నాకు ఏమీ తెలియదు. కాబట్టి ఇది ఆటను ఎరిగినవారి సమీక్ష కాదు. ఒక రోజంతా వానలో నిలబడి వచ్చిన మనిషి లెక్కలు.

ముందుగా టికెట్టు. చేతిలో డబ్బు పట్టుకుని గేటు దగ్గరికి వెళితే దొరికేది కాదు. ఏడాది ముందే పేరు నమోదు చేసుకుంటే లాటరీ తీస్తారు. బాబాయి ఆ పని విశాఖలో కూర్చునే, నాకు చెప్పకుండా, నా చిరునామాతో చేసేశారు. పదహారేళ్ళలోపు పిల్లలకు ఉచితం కనుక కుటుంబాలు చాలానే కనిపించాయి. మాకు చివరి రోజు వచ్చింది, జులై 23, ఆదివారం. అదే మంచి రోజని అందరూ అంటారు. ఒక్క రోజే వెళ్ళగలిగితే నేను మాత్రం గురువారమో శుక్రవారమో ఎంచుకోమంటాను. ఆ రెండు రోజులూ 156 మంది ఆటగాళ్ళు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వస్తూనే ఉంటారు. ఆదివారానికి, మొదటి రెండు రోజుల స్కోరు చాలక సగం మంది ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు, ప్రేక్షకులు మాత్రం తగ్గరు.

ఇక బస. హోయ్‌లేక్ చిన్న ఊరు, విరల్ ద్వీపకల్పం కొసన డీ నది సముద్రంలో కలిసేచోట ఉంది. ఆ వారం అక్కడి ఇళ్ళను ఆటగాళ్ళే అద్దెకు తీసుకుంటారు. దక్షిణ కొరియా కుర్రాడు టామ్ కిమ్ అలాంటి అద్దె ఇంట్లోనే జారిపడి చీలమండ మెలిపెట్టుకున్నాడు, ఆ కాలుతోనే రెండో స్థానం పంచుకున్నాడు. మనలాంటివాళ్ళకు మిగిలేది లివర్‌పూల్ లేదా చెస్టర్. చెస్టర్ రోమన్ల కాలపు గోడలతో అందమైన ఊరే కానీ అక్కడి నుంచి రైలు మారాలి. లివర్‌పూల్ నడిబొడ్డు నుంచి నేరుగా అరగంట. మేం లైమ్ స్ట్రీట్ స్టేషనుకు దగ్గరలో ఒక హోటల్లో రెండు రాత్రులు ఉన్నాం. గది శుభ్రంగానే ఉంది. ఆదివారం కనుక అల్పాహారం ఎనిమిదింటికి గానీ పెట్టమన్నారు. ఊళ్ళో సగం గదులు గోల్ఫ్ చూడటానికి వచ్చినవారితో నిండాయని తెలిసీ వంటగది గంట ముందు తెరవాలని ఒక్కరికీ తోచలేదు. నేను ముందు రాత్రే మాంచెస్టర్ నుంచి పులిహోర తెచ్చాను కాబట్టి సరిపోయింది.

రైలు మెర్సీ నది కిందుగా సొరంగంలో వెళుతుంది. అవతలి ఒడ్డున బర్కన్‌హెడ్‌లో పైకి తేలి, పెరటి తోటల మధ్యగా సాగి, గుండ్రటి గాజు గది కట్టిన 1930ల నాటి స్టేషన్లో దింపుతుంది. అక్కడి నుంచి నాలుగడుగులు. కారు తెచ్చుకున్నవాళ్ళు ఎక్కడో పొలాల్లో నిలిపి బస్సెక్కి వచ్చారు. వాళ్ళ చెప్పుల నిండా ఉన్న బురదను చూసి రైలే నయమని బాబాయి తీర్పు చెప్పారు.

గేటు దగ్గర సంచులు తనిఖీ చేస్తున్న అమ్మాయి పులిహోర డబ్బా మూత తీసి, పోపులోని వేరుశనగ గుళ్ళను కాసేపు పరికించి, నవ్వి పంపింది. ఫోను తీసుకెళ్ళవచ్చు, శబ్దం లేకుండా పెట్టుకోవాలి. తాగునీళ్ళు పట్టుకోవడానికి కోర్సంతా కుళాయిలు పెట్టారు, ఖాళీ సీసా ఉంటే చాలు. మరుగుదొడ్లు ఆ జనానికి ఎలా సరిపోయాయో తెలియదు గానీ ఎక్కడా అయిదు నిమిషాలకు మించి నిలబడలేదు. నిర్వాహకులకు నేను నూటికి నూరు వేసేది ఇక్కడే.

మొదట 17వ హోల్ దగ్గరికి నడిచాం. హోల్ అంటే బంతిని వేయాల్సిన గుంత, దాని దాకా ఉండే మైదానం; ఆటకు అలాంటివి పద్దెనిమిది. ఈ చాంపియన్‌షిప్ కోసమే కొత్తగా కట్టిన హోల్ అది. పేరు లిటిల్ ఐ, ఎదురుగా నదీముఖంలో కనిపించే చిన్న దీవి పేరే. మొత్తం 136 గజాలు. మూడు దెబ్బల్లో ముగించాలి, మొదటి దెబ్బకే బంతి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద పడాలి. గ్రీన్ తిరగేసిన పళ్ళెంలా ఎత్తుగా ఉంటుంది. చుట్టూ నిలువు గోతుల్లాంటి ఇసుక బంకర్లు, వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. గ్యాలరీలో కూర్చుంటే కొట్టేవాడూ కనిపిస్తాడు, బంతి పడే చోటూ కనిపిస్తుంది. గోల్ఫ్ కోర్సులో ఈ రెండూ ఒకేచోట నుంచి కనిపించడం అరుదని ఆ రోజే తెలిసింది. ఆట తెలియనివాళ్ళు మారు ఆలోచన లేకుండా ఇలాంటి చిన్న హోల్ దగ్గర కూర్చోవాలి. రెండు గంటల్లో నాకు పార్ (హోల్‌కు నిర్ణయించిన దెబ్బలు), బర్డీ (ఒకటి తక్కువ), బోగీ (ఒకటి ఎక్కువ) మూడూ అర్థమయ్యాయి. ఒకడు బంకర్లోంచి కొట్టిన బంతి గ్రీన్ దాటి అవతలి బంకర్లో పడినప్పుడు బాబాయి నా చెవిలో, "అమ్మాయీ, మీ పిన్నికి చెప్పకు, నేను ఇలాంటివి వారానికి నాలుగు కొడతాను" అన్నారు.

ఈ బంకర్ల మీద గురువారం పెద్ద గొడవే అయిందట. ఇసుకను గోడ దాకా చదునుగా దున్నడంతో, దొర్లుకుంటూ వచ్చిన బంతి గోడకు ఆనుకుని ఆగిపోయేది. ఆటగాళ్ళు సణిగారు. రాత్రికి రాత్రే అంచుల్లో ఇసుకను కాస్త ఎగదోసి, బంతి నడిమికి జారేలా చేశారు. ఇదంతా మా పక్క సీటులోని పెద్దాయన చెప్పాడు. 2006లో టైగర్ వుడ్స్ ఇక్కడ గెలిచినప్పుడూ వచ్చాడట. బంతిని అన్నిటికన్నా దూరం కొట్టే కర్రను, డ్రైవర్ అంటారు, నాలుగు రోజుల్లో ఒకే ఒక్కసారి వాడి గెలిచిన ఆట అది. నేల ఎండి బిస్కెట్ రంగులో ఉండేదని, ఈసారి పచ్చిక చూస్తే వేరే ఊరిలా ఉందని అన్నాడు.

పన్నెండు దాటాక వాన పట్టింది. మన వైపు వానలా కుండపోతగా కురిసి వెలిసే రకం కాదు. పక్కనుంచి, కింద నుంచి, గొడుగు లోపల నుంచి కూడా తడుపుతుంది.

బాబాయి వచ్చిన అసలు పని అప్పుడు మొదలయింది. శుభంకర్ శర్మ ఆడుతున్నాడు. ఝాన్సీలో పుట్టి చండీగఢ్‌లో పెరిగిన కుర్రాడు. మూడు రోజులకు 68, 71, 70 దెబ్బలు కొట్టి, పార్ కన్నా నాలుగు తక్కువ మీద ఉన్నాడు. ఈ ఆటలో తక్కువ కొట్టినవాడే ముందు. ఓపెన్‌లో అప్పటిదాకా ఏ భారతీయుడూ మొదటి పదిమందిలో నిలవలేదు. 2004లో జ్యోతి రంధావా 27వ స్థానమే అత్యుత్తమం. ఇవన్నీ బాబాయి రైల్లోనే వల్లించారు. జనమంతా టామీ ఫ్లీట్‌వుడ్ వెంటా, రోరీ మెకల్‌రాయ్ వెంటా పరిగెడుతున్నారు. ఫ్లీట్‌వుడ్ పక్కనున్న సౌత్‌పోర్ట్‌వాడు, ఊరి అల్లుడికి జరిగినంత మర్యాద జరుగుతోంది. శర్మ వెంట నడిచింది చాలా తక్కువ మంది. లెస్టర్ నుంచి వచ్చిన ఒక పంజాబీ దంపతులు, ఇద్దరు విద్యార్థులు, మేము.

తక్కువ మంది వెంట వచ్చే ఆటగాడిని అనుసరించడంలో ఉన్న సుఖం వేరే. ప్రేక్షకులకు హద్దుగా కట్టిన తాడు పక్కనే నిలబడవచ్చు. బంతి తగిలిన చప్పుడు వినిపిస్తుంది. టీవీలో వినిపించే టక్కు కాదు, తడి నేలను చీల్చుకుంటూ వచ్చే బరువైన శబ్దం. కేడీ, అంటే ఆటగాడి సంచి మోసే సహాయకుడు, ఒక చేత్తో గొడుగు పట్టి, ఇంకో చేత్తో క్లబ్బు (బంతిని కొట్టే కర్ర) పిడిని తువాలుతో తుడుస్తూ ఉంటాడు. వాళ్ళిద్దరూ గాలి గురించి గుసగుసలాడుకోవడం అర్థం కాకపోయినా వినిపిస్తుంది. పెద్ద పేర్ల వెనక పడితే మనకు కనిపించేది ముందువాడి గొడుగే.

మూడో హోల్ దగ్గర బాబాయి ఒక మోకాలెత్తు మట్టి గట్టు చూపించారు. మామూలుగా కోర్సు అంచు దాటితేనే బంతి హద్దు దాటినట్టు. ఇక్కడ కోర్సు లోపలే, ప్రాక్టీసు మైదానం చుట్టూ ఈ గట్టు ఉంది. దాటితే శిక్ష. చివరి హోల్‌కూ కుడివైపున ఇదే ప్రమాదం. "పొలం గట్టు తగాదాలు లేని దేశం లేదు" అన్నారు బాబాయి.

మధ్యలో ఒకసారి తిండి కోసం శర్మను వదిలాం, అది తప్పు. అధిక శ్రావణం కనుక బాబాయి మాంసం ముట్టరు. దుకాణాల్లో బర్గర్లు, చేప, పై. శాకాహారికి మిగిలింది బంగాళదుంప వేపుడు. దానికోసం వానలో ఇరవై నిమిషాల క్యూ, వేడి లేని కాఫీ, చేతికి వచ్చిన బిల్లుతో మా వీధి చివర రెండు భోజనాలు వస్తాయి. పులిహోర అప్పటికే అయిపోయింది. వెళ్ళేవాళ్ళు డబ్బా పెద్దది తీసుకెళ్ళండి.

చివరికి 18వ హోల్ చేరాం. గ్యాలరీలో చోటు దొరకలేదు, మట్టి దిబ్బ మీద నిలబడ్డాం. అక్కడున్న పెద్ద పసుపు స్కోరు బోర్డుల మీద పేర్లు, అంకెలు అప్పటికింకా మనుషులే చేత్తో మారుస్తున్నారు. శర్మ 70తో ముగించాడు. మొత్తం 279, అయిదు తక్కువ. పక్కనున్న ఆంగ్లేయులు మర్యాదకు చప్పట్లు కొట్టారు. బాబాయి చప్పట్లు కొట్టడానికి గొడుగు నా చేతికిచ్చి పూర్తిగా తడిశారు.

ఆ తర్వాత బ్రయన్ హార్మన్ వచ్చాడు. జార్జియా రాష్ట్రపు పొట్టి మనిషి, ఎడమచేతి వాటం. అయిదు దెబ్బల ఆధిక్యంతో రోజు మొదలుపెట్టి, ఆరు దెబ్బల తేడాతో గెలిచాడు. పోటీ లేదు కనుక ఉత్కంఠా లేదు. నిజం చెప్పాలంటే ఆ చివరి గంట నాకు విసుగే పుట్టింది. కానీ బంతిని కొట్టే ముందు అతను క్లబ్బును అలా ఊపుతూ, ఊపుతూ, ఊపుతూ ఉంటే, మా ముందున్న చిన్న పిల్లవాడు పెద్దగా లెక్కపెట్టడం, వాళ్ళమ్మ వాడి నోరు మూయడం బాగుంది.

తిరుగు ప్రయాణం గురించి ఒక మాట. హోయ్‌లేక్ స్టేషను బయట క్యూ వీధి మలుపు దాటింది. మేం దాన్ని వదిలేసి సముద్రపు ఒడ్డున వెస్ట్ కర్బీ దాకా నడిచాం, ఓ అరగంట పైనే. రైలు బయలుదేరేది అక్కడి నుంచే కాబట్టి కిటికీ సీట్లు దొరికాయి. పోటు లేనప్పుడు వెస్ట్ కర్బీ నుంచి ఇసుక మీదుగా హిల్బ్రీ దీవికి నడిచి వెళ్ళవచ్చు. ఒక రోజు అదనంగా ఉంటే దానికే కేటాయించండి, పోటు వేళలు చూసుకుని మాత్రమే.

హోటల్లో తడి బట్టలు ఆరేసుకోవడానికి చోటు అడిగితే లేదన్నారు. బాబాయి బాత్రూములోని జుట్టు ఆరబెట్టే యంత్రంతో సాక్సులు ఆరబెట్టారు. సోమవారం ఉదయం లైమ్ స్ట్రీట్‌లో పేపరు కొన్నాను, ఇంకా చెమ్మగా ఉన్న బూట్లలో కుక్కడానికి. మొదటి ఆటల పేజీ నిండా హార్మన్, కప్పు. నేను ఒక్కొక్క కాగితమే ఉండ చుడుతుంటే బాబాయి కళ్ళజోడు పెట్టుకుని లోపలి పేజీలో చీమల్లాంటి అక్షరాల వరసలు వెతికారు. ఎనిమిదో స్థానం పంచుకున్నవాళ్ళలో శర్మ, 68 71 70 70.

"ఇది మాత్రం బూట్లలో పెట్టకు" అని ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టు సంచీలో దాచుకున్నారు.