కెయిర్న్స్ నుంచి కుక్‌టౌన్ ఫోర్ వీల్ డ్రైవ్ టూర్: డబ్బులు డ్రైవరు పనితనానికే

ఆర్టీసీలో రిటైరయ్యేదాకా మారేడుమిల్లి ఘాట్ మీద బస్సు నడిపినవాణ్ణి. ఎవరి బండెక్కినా ముందు నా చూపు డ్రైవరు కాళ్ళ మీదకే పోతుంది. ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్‌లో ఉండే మా అబ్బాయి కెయిర్న్స్ తీసుకెళ్ళి ఈ టూర్ బుక్ చేస్తే, ధర విని "మనకెందుకురా ఇంత" అన్నాను గానీ, వసూలైంది.

తెల్లారకముందే హోటల్ దగ్గర ఎక్కించుకున్నారు. కొండెక్కేదాకా చిక్కటి అడవి. మౌంట్ మొలోయ్ దాటామో లేదో ఎర్రమట్టి, ఎండుగడ్డి, మన జామాయిల్ జాతి చెట్లు, మనిషెత్తు చెదపుట్టలు. సముద్రం మీంచి వచ్చే మబ్బు కొండలకు తూర్పునే కురిసేసి పడమటికి చుక్క మిగల్చదట. కుక్‌టౌన్ ముందర బ్లాక్ మౌంటెన్ దగ్గర ఆపారు. ఇంటంతేసి నల్ల బండలు, టిప్పర్లతో తెచ్చి గుమ్మరించినట్టు. లోపలిది బూడిదరంగు గ్రానైటే, పైన ఇనుము, మాంగనీసు పొర పట్టి నల్లబడిందట. అక్కడి ఆదివాసులకు పవిత్రమైన చోటు కాబట్టి రోడ్డు పక్క నుంచే చూపించారు.

కుక్‌టౌన్‌లో టైము చాల్లేదు. 1770లో పగడపు దిబ్బకు కొట్టుకుని చిల్లుపడ్డ ఓడను కెప్టెన్ కుక్ ఒడ్డుకెక్కించి ఏడు వారాలు రిపేరు చేయించింది ఇక్కడే. ఆ ఓడ లంగరు మ్యూజియంలో ఉంది. బ్రేక్‌డౌన్ తిప్పలు తెలిసినవాణ్ణి, ఇంకాసేపు నిలబడేవాణ్ణి. శాకాహార భోజనమంటే బ్రెడ్డులో పచ్చి ఆకులు. మా ఆవిడ పులిహోర తెచ్చింది కాబట్టి సరిపోయింది.

అసలు సంగతి తిరుగు ప్రయాణంలో, వూజల్ వూజల్ అనే ఊరు దాటాక బ్లూమ్‌ఫీల్డ్ ట్రాక్ మీద. కౌయీ రేంజ్‌లో మూడడుగులు ముందుకెళితే అడుగు కిందికి దిగే వాలుంది. మట్టిరోడ్డే. డ్రైవరు ముప్పై లోపు అమ్మాయి. దిగుడుకి ముందే బండి పూర్తిగా ఆపి, లో రేంజ్‌లో (ఫోర్ వీల్ బండికుండే నిదానం గేర్లలో) వేసి, ఫస్ట్ గేరులో వదిలింది. బ్రేకు మీద కాలు లేదు! దిగినంతసేపూ ఇంజనే బండిని పట్టి ఉంచింది. మనవాళ్ళు కొందరు ఘాట్‌లో బ్రేకు తొక్కుతూ లైనింగులు కాల్చుకుంటారు, ఈ పిల్లని చూసి నేర్చుకోవాలి.

ఎమాగెన్ వాగు దగ్గర దిగి, గట్టు మీంచే నీళ్ళు చూసింది. మొసళ్ళున్నాయని బోర్డు ఉంది కాబట్టి లోపల కాలు పెట్టలేదు. తొందరపడకుండా ఒకే ఊపున దాటించి, అవతలికెక్కాక రెండు మూడుసార్లు బ్రేకు తడిమి తడి ఆరగొట్టింది. నాకది చాలు. "నువ్వు డ్రైవరువమ్మా" అన్నాను. మా అబ్బాయి ఇంగ్లీషులో చెబితే నవ్వి, నా ఉద్యోగం గురించి అడిగింది.

కేప్ ట్రిబ్యులేషన్ దగ్గర అడవి సముద్రంలోకి దిగినట్టే ఉంటుంది. కాసోవరీ పక్షి బోర్డుల మీద తప్ప కనపడలేదు. డెయింట్రీ నది మీద బండితో సహా పంటు ఎక్కించారు. తాళ్ళ ఆధారంగా నడిచే పంటు.

వెళ్ళేవాళ్ళు మే నుంచి అక్టోబరు లోపు చూసుకోండి. మోకాళ్ళ నొప్పులుంటే ముందు సీటు అడగండి, వెనక ఎత్తెత్తి వేస్తుంది. ఈసారి బండి అద్దెకు తీసుకుని తనే నడుపుతానంటున్నాడు మా అబ్బాయి. అద్దె కంపెనీలు చాలావరకు ఆ ట్రాక్ మీదికి ఒప్పుకోవట. వాళ్ళు ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.