#ఎన్/ఏ వస్తే దాచాలా, దిద్దాలా?

కిరాణా హోల్‌సేల్ లెక్కలు రాసేవాళ్లకి ఇది తెలిసిన తలనొప్పే. ఎక్సెల్ షీట్లో బియ్యం, 1006 కోడ్, పక్కన పన్ను రేటు చక్కగా వచ్చింది. కింద ఎండుమిర్చికి మాత్రం #ఎన్/ఏ, అంటే వెతికింది దొరకలేదన్న ఎర్రర్. ఫార్ములా ఒకటే, కోడ్‌ని రేట్ల షీట్‌లో వెతికి రేటు తెచ్చే వీలుకప్. ఇప్పుడేం చేయాలి? ఎర్రర్ బదులు మనం చెప్పింది చూపే ఇఫ్ఎర్రర్ తొడగాలా, వీలుకప్‌కి కొత్త రూపమైన ఎక్స్‌లుకప్‌కి మారాలా, కూర్చుని డేటా బాగుచేయాలా?

అందరూ ముందు చేసేది ఇఫ్ఎర్రర్. నేనూ చేశాను. దొరక్కపోతే 0 వేయమన్నాను, షీట్ కడిగిన ముత్యంలా కనిపించింది. నెలాఖరులో చూస్తే మిర్చి, పసుపు అమ్మకాలన్నిటికీ పన్ను సున్నా! ఎర్రర్ ఉంటే కనీసం కంటపడేది. పైగా ఇఫ్ఎర్రర్ #రెఫ్!నీ (ఫార్ములా చూసే చోటు పోయిందన్న ఎర్రర్) మింగేస్తుంది, అంటే ఎవరైనా కాలమ్ తీసేసినా మనకి తెలియదు. దాచక తప్పకపోతే ఇఫ్ఎన్ఏ నయం (#ఎన్/ఏని మాత్రమే పట్టేది, ఎక్సెల్ 2013 నుంచి ఉంది), అదీ సున్నాతో కాదు, "కోడ్ లేదు" అన్న మాటతో.

ఎక్స్‌లుకప్ నిజంగానే మంచిది. వీలుకప్‌లో చివరి ఫాల్స్ (సరిగ్గా సరిపోయేదే కావాలని చెప్పే మాట) మర్చిపోతే దగ్గరలో ఉన్న విలువ తెచ్చి పెడుతుంది. ఎర్రర్ రాదు, రేటు తప్పు. ఎక్స్‌లుకప్ అడగకుండానే సరిగ్గా సరిపోయేదే వెతుకుతుంది, మధ్యలో కాలమ్ చేర్చినా చెదరదు. కానీ ఎక్సెల్ 2016, 2019ల్లో అది లేదు. మీ ఆడిటర్ దగ్గర పాత ఎక్సెల్ ఉంటే, ఆ సెల్‌ని ఎడిట్ చేయగానే #నేమ్? (ఈ ఫార్ములా పేరు తెలియదన్న ఎర్రర్) ఎదురవుతుంది. అలాంటిచోట పాత ఎక్సెల్లోనూ పనిచేసే ఇండెక్స్-మ్యాచ్ ఫార్ములాల జోడీ వాడుకోవడమే.

అయితే మిర్చి సమస్య ఎక్స్‌లుకప్‌తోనూ తీరదు. మిర్చి హెచ్ఎస్ఎన్ (పన్ను కోసం సరుకుకి ఉండే కోడ్) 0904, పసుపు 0910. సీఎస్‌వీ ఫైల్‌ని (అమ్మకాలు ఉండే సాదా టెక్స్ట్ ఫైల్) డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ ముందున్న సున్నా ఊడగొట్టి 904 అనే నంబర్‌గా పెడుతుంది. రేట్ల షీట్‌లోనేమో సున్నా నిలవాలని ముందు కోట్ పెట్టి కొట్టారు, అంటే అది టెక్స్ట్, నంబర్‌తో కలవదు. 1006కి ఆ అవసరం రాలేదు, అందుకే బియ్యం గట్టెక్కింది.

కాబట్టి నా ఓటు డేటా బాగుచేయడానికే, అరగంట పట్టినా సరే. రెండు షీట్లలోనూ పక్క కాలమ్‌లో =టెక్స్ట్(ఎ2,"0000") వేసి, వచ్చినవాటిని పేస్ట్ స్పెషల్‌లో వాల్యూస్‌గా అసలు కోడ్ల మీద అతికించండి. 904 మళ్లీ 0904 అవుతుంది, 1006 కూడా టెక్స్ట్‌గా మారి రెండు వైపులా ఒకే రకం అవుతాయి. వచ్చే నెల నుంచి ఫైల్‌ని డేటా ట్యాబ్ ద్వారా తెచ్చుకుని, కోడ్ కాలమ్‌ని టెక్స్ట్ అని ముందే చెప్పండి.

అప్పటికీ ఎర్రర్ పోలేదా? అక్షరాలు లెక్కపెట్టే లెన్ వేసి చూడండి. నాలుగంకెల కోడ్‌కి 5 వస్తే వెనక ఖాళీ ఉన్నట్టే. ట్రిమ్ ఫార్ములా దాన్ని తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసిన ఖాళీ అయితే ట్రిమ్‌కి లొంగకపోవచ్చు, సబ్‌స్టిట్యూట్‌లో (ఒకదాని బదులు ఇంకోటి పెట్టే ఫార్ములా) ఆ రకం ఖాళీకి గుర్తైన క్యార్(160) ఇచ్చి తీసేయాలి.